వేయి బీడీల మణికట్టు

షోలాపూరు తూర్పు పేటలలో స్త్రీల దినము వేలతో లెక్కింపబడును. నిన్న ఎన్ని చేసితివని అడిగినచో వేయి అనియో, ఎనిమిది వందలనియో జవాబు వచ్చును. తెలంగాణమునుండి మగ్గము వెంట వచ్చి యిక్కడ స్థిరపడిన మా పద్మశాలీ కుటుంబములలో మగవారు మిల్లులకును, తరువాత చద్దరుల, తువ్వాళ్ల మరమగ్గములకును పోయిరి. ఆడువారు ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టిరి. తునికి ఆకును కత్తిరించుట, పొగాకు పరచుట, చుట్టుట, కొనలు మడచుట, దారము కట్టుట — ఒక్క బీడీకి వ్రేళ్లును మణికట్టును ఎన్ని మారులు కదలునో చూచి దానిని వేయిచే గుణించినచో, మా యిండ్లలో రాత్రివేళ వినబడు “చేయి తిమ్మిరి” అను మాటకు మూలము తెలియును.

మా పెద్దవదినెకు ఈ తిమ్మిరి పట్టినపుడు సలహాలకు కొదువ లేకపోయెను. మేనత్త ఉప్పు మూటతో కాపడము పెట్టుమనెను. మదరాసు వియ్యపువారు పుత్తూరు కట్టు కట్టించుడనిరి. తిరుపతినుండి చెన్నపట్టణము పోవు దారిలోని ఆ తెలుగు ఊరి పేర తమిళనాటను, కన్నడసీమను ఎన్ని బోర్డులు వ్రేలాడుచున్నవో చదువరులు ఎరుగుదురు. ఆ కట్టుపై మనవారికి గల నమ్మకములో భాషాభిమానము కూడ కొంత కలిసియున్నదని మా అనుమానము. కాని కట్టు విరిగిన ఎముకకు గదా; ఇచ్చట విరిగినదేదియు లేదు. పుణేలో కంప్యూటరు ముందు పనిచేయు వదినె కొడుకు మరియొక మాట చెప్పెను. కైరోప్రాక్టరు తన మెడను ఒక్క త్రిప్పు త్రిప్పగా టక్కుమని చప్పుడై, ఏడాదినాటి బరువు దిగినట్లుండెనట. “నీవును రావమ్మా” అని పట్టుబట్టెను.

కైరోప్రాక్టిక్ అను పేరు గ్రీకు మాటలనుండి పుట్టినది. చేతితో చేయు పని యని దాని అర్థము. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్టు పట్టణమున డి. డి. పామర్ అనునాతడు, చెవులు వినబడని హార్వీ లిల్లర్డ్ అను పనివాని వెన్నుపూసను చేతితో సవరింపగా అతనికి వినికిడి వచ్చెనని చెప్పుకొనిన నాటినుండి ఈ విద్య మొదలైనది. పూస తొలగి నరమును నొక్కుటయే దాదాపు అన్ని రోగములకు మూలమని పామర్ నమ్మిక. శరీరశాస్త్రము దీనిని సమర్థింపలేదు. ఆ టక్కుమనుట కూడ తొలగిన ఎముక చోటు చేరిన చప్పుడు కాదు. కీలులోని జిగట ద్రవమున వాయువు బుడగ కట్టుటచే కలుగునది. అయినను ఈ విద్యను వట్టిదని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. నడుము నొప్పికిని, మెడ నొప్పికిని ఇట్టి చికిత్స కొందరికి కొంత ఉపశమనము నిచ్చుచున్నది. మెడను హఠాత్తుగా త్రిప్పుటలో మాత్రము, అరుదుగానైనను, మెదడుకు పోవు రక్తనాళము చీలు ప్రమాదము కలదు. ఎముకలు గుల్లబారిన వృద్ధులు దానికి దూరముగా నుండవలెను.

వదినె బాధ మెడలో లేదు. మణికట్టులో 8 చిన్న ఎముకలున్నవి. వానిపై అడ్డముగా ఒక గట్టి పట్టీ. ఆ యిరుకు సందులోనుండి వ్రేళ్లను ముడుచు 9 కండర త్రాళ్లును, ఒక నరమును పోవును. వ్రేళ్లు అదేపనిగా ఆడగా త్రాళ్ల పొర ఉబ్బి నరమును నొక్కును. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము మొద్దుబారును. చిటికెనవ్రేలు మాత్రము తప్పించుకొనును. నడిరేయి మెలకువవచ్చి చేయి విదలించుకొనుట దీని గురుతు. మధుమేహము, థైరాయిడు లోపము ఉన్నవారికి ఇది మరింత సులభముగా వచ్చును. ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ 1713లోనే, వ్రాయసగాండ్ర బాధలకు కదలక కూర్చుండుట, చేయి ఒకే తీరున ఎడతెగక ఆడుట, మనసు అలయుట అను మూడును కారణములని వ్రాసెను. మా స్త్రీలకు ఈ మూడును కలవు.

వైద్యుడు నరపు పరీక్ష చేయించి, రాత్రులు మణికట్టు వంగకుండ బద్ద కట్టుకొనుమనెను. దానితో తగ్గనిచో సూదిమందు. అప్పటికిని తగ్గక బొటనవ్రేలి మొదటి కండ చిక్కిపోవుచున్నచో, ఆ పట్టీని కోసి నరమునకు చోటు కల్పించుట. వీనికంటె ఖరీదైన మందొకటి ఆయన తేలికగా చెప్పివేసెను: పని తగ్గింపుమని. వేయికింత యని కూలి లెక్కకట్టు చోట, అందులోను కార్ఖానాలో ఏరివేసినవి పోగా మిగిలినవానికే డబ్బు వచ్చు చోట, విశ్రాంతి యనగా కూడు తగ్గించుకొనుటయే. మేము చేయగలిగినది కొంచెమే. కత్తెరకు నెలనెల సాన పట్టించితిమి. మొద్దు కత్తెర బొటనవ్రేలికి శత్రువు. గోడకు ఆనుకొని కూర్చుండునట్లు పీట వేసితిమి. ప్రతి వంద బీడీలకును లేచి నాలుగడుగులు నడువుమని మనుమరాలు కాపలా కాయుచున్నది.

మూడు నెలలకు రాత్రి తిమ్మిరి చాలవరకు తగ్గినది. వదినె యిప్పుడు దినమునకు ఆరువందలు చుట్టుచున్నది. కార్ఖానాకు వేయి అప్పగింపవలసియున్నందున, తక్కిన నాలుగువందలు వంట ముగించుకొని వచ్చి కోడలు పూర్తిచేయుచున్నది.