27 ఏళ్లకే... అన్ని బొమ్మలా!

మాది నల్లమాడ. వానొస్తే శెనక్కాయ, రాకుంటే అప్పు. ఇలాంటి ఇంట్లో ‘బొమ్మలేసుకుంటా’ అంటే ఎవరొప్పుకుంటారు? అందుకే ఇంజినీరింగ్‌లో చేరిన రోజే స్కెచ్‌బుక్కుని ట్రంకుపెట్టెలో పడేశా. తర్వాత బెంగళూరులో ఉద్యోగం. ఎవరైనా గుర్తుచేస్తే, ‘ఇంకేం బొమ్మలు బ్రో, వయసైపోయింది’ అనేవాణ్ని. అప్పుడు నాకు 27!

పోయినేడాది ఫ్రెండ్ పెళ్లికని రాజమండ్రి వెళ్లా. ముహూర్తానికి ఇంకా టైముంటే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూద్దామని బయల్దేరా.

రామారావుగారిది రాజమండ్రే. ఆయనలోని కళని మొదట గుర్తించింది అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆ ప్రోత్సాహంతోనే బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. కావాలంటే అక్కడే స్థిరపడొచ్చు. కానీ సొంతూరికి తిరిగొచ్చి, పదిమందికీ చిత్రకళ నేర్పారు. గోదావరినీ, మన మనుషుల్నీ, మన పురాణాల్నీ గీశారు.

ఆయనకి కలకత్తాలో బహుమతి తెచ్చిన బొమ్మ ‘ఋష్యశృంగ బంధనం’. ఆ కథ తెలుసుగా? వానల్లేక అంగదేశం అల్లాడుతుంటే, అడుగుపెట్టగానే వాన కురిపించే ముని కుమారుణ్ని అడవి నుంచి రప్పిస్తారు. కరువు సీమవాణ్ని, ఆ కథ నన్ను కదిలించకుండా ఉంటుందా?

తేదీలు చూశాక మాత్రం నోట మాట రాలేదు. 1897లో పుట్టి, 1925లో మశూచితో పోయారు. 28వ పుట్టినరోజైనా చూడలేదు. నేను ‘వయసైపోయింది’ అంటున్న వయసుకి ఆయన జీవితమంతా గీసేశారు!

‘ఆయనకి కూల్డ్రే దొరికాడు, నాకెవరున్నారు?’ అని సర్దిచెప్పుకోబోయా. కానీ ఆలోచిస్తే, మా నాయన ఏనాడూ బొమ్మలొద్దనలేదు. అసలు నేనే ఎప్పుడూ అడగలేదు. ఆయన పేరు చెప్పి నా భయాన్ని దాచుకున్నానంతే.

ఉద్యోగం మానలేదు లెండి, ఇంటి అప్పు ఇంకా ఉంది. ఊరెళ్లినప్పుడు మాత్రం ట్రంకుపెట్టె తెరిచా. నాయన అరుగు మీద కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తుంటే ఎదురుగా కూర్చుని గీశా. పదేళ్ల తర్వాత కదా, చెయ్యి వణికింది. గీత గీతకీ రబ్బరే.

కాగితం చేతికిస్తే దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

‘‘నా ముక్కు ఇంత లావుందా రా?’’

నేను నవ్వేశా. ఆయన మాత్రం నవ్వలేదు. చేటలోని కాయలు సర్దుకుని, మళ్లీ అలాగే కదలకుండా కూర్చున్నాడు.

‘‘ముక్కు సరిగ్గా రాలే. ఇంగొకటి ఏయి.’’