మసక చీకటి పాట

ఒక మహాశివరాత్రినాడు మేము కోటప్పకొండ తిరునాళ్లకు పోయితిమి. త్రికోటేశ్వరునకు మ్రొక్కి మెట్లు దిగునప్పటికి చీకటి పడినది. కొండక్రింద 60 అడుగులకు మించిన విద్యుత్ ప్రభ యొకటి వెలుగుచుండెను. దాని ముందటి వేదికపై ఇద్దరు స్త్రీలు పాటకు ఆడుచుండిరి. ఆ పాట మేమెరిగినదే: 1973లో వచ్చిన ‘దేవుడు చేసిన మనుషులు’ చిత్రములోని ‘మసక మసక చీకటిలో’. మా ప్రక్కనున్న వృద్ధుడొకడు చేతికఱ్ఱతో తాళము వేయుచుండెను. ఆ పాట పుట్టిన చాల యేండ్లకు పుట్టిన ఆయన మనుమరాలు పల్లవిని తప్పు లేక పలుకుచుండెను.

అర్ధశతాబ్దము గడచినను ఈ పాటకు ముసలితన మేల రాలేదు? వ్రాసినవారు ఆరుద్రగారు, సమగ్రాంధ్ర సాహిత్యమును మనకు కూర్చి యిచ్చిన కలమే యిదియు వ్రాసినది. స్వరపరచినవారు రమేశ్ నాయుడుగారు. పల్లవి ఒక్క వినికిడితో పట్టుబడును; సంగీతము రానివాడును అనగలడు. అన్నిటిని మించినది ఎల్. ఆర్. ఈశ్వరిగారి కంఠము. పాడుట, నవ్వుట, నిట్టూర్చుట ఆమెకు ఒక్క ఊపిరిలోని పనులు. మన యిండ్లలో ఆడువారు నవ్వుటకు చెంగు అడ్డము పెట్టుకొను కాలమున ఆ గొంతు సిగ్గుపడక నవ్వినది. జనులు మరువనిది ఆ నవ్వునే యని మా తలంపు.

ఆమె తల్లి మద్రాసు స్టూడియోలలో బృందగానము పాడి బ్రతికినది. కుటుంబము క్రైస్తవము. అయినను తమిళనాట అమ్మవారి జాతరలలో మ్రోగునదియు ఆ కంఠమే. క్లబ్బు పాటకొక గొంతు, భక్తికొక గొంతు ఆమెకు లేవు.

సముద్రములకావల ట్రినిడాడులోను ఇట్టి కథయే కలదు. 1845 మొదలు మన దేశపు కూలీలు చేరిన ఆ ద్వీపమున, 1970 ప్రాంతముల లార్డ్ షార్టీ యను గాయకుడు అచటి కాలిప్సోకు మనవారి డోలకు దరువులు కలిపి ‘సోకా’ అను ఆటపాటను పుట్టించెను. పిమ్మట నాతడే దైవగీతములకు మరలెను. జనులు మాత్రము ఆడుట మానలేదు.

ఇక మా తప్పు చెప్పుకొనవలెను. కళాశాలలో చదువు దినములలో, మా యూరి తిరునాళ్లలో రికార్డింగు డాన్సు జరుగరాదని మేము కొందరము సంతకములు సేకరించి, పెద్దలచే మాన్పించితిమి. వీరేశలింగముగారి త్రోవను నడచుచున్నామని పొంగిపోతిమి. బండి దిగిన మేళమువారు కూలి లేక వెనుదిరుగవలసి వచ్చినది. వారిలో నొక నడివయసు స్త్రీ మా యెదుట నిలిచి, “ఆ పాట మీ టేపురికార్డర్లో మోగితే తప్పులేదుగాని, మేం ఆడితే తప్పొచ్చిందా బాబూ? చార్జీలన్నా ఇప్పించండి” అనెను. మాలో నొక్కడును జేబులో చేయి పెట్టలేదు. ఆ రాత్రి ఇంటికి పోవుచు మాలో నొకడు కూనిరాగము తీసెను. ఏ పాటయో చెప్పనక్కరలేదు.

వీరేశలింగముగారు మేజువాణీలను ఖండించిరి, నిజమే. కాని వారు ఖండించి యూరకుండలేదు. 1874లో ధవళేశ్వరమున బాలికలకు బడి పెట్టిరి. 1881లో వితంతు వివాహము జరిపించి, ఆ దంపతులకు అండగా నిలిచిరి. మేము వారివద్ద వలదనుట మాత్రమే నేర్చుకొని, నిలుచుట విడిచితిమి.

చదువరులారా, వేదికమీది స్త్రీపైకి నోట్లు విసరి కేకలు వేయు మొగవాని చేష్ట సంస్కరింపదగినది. మాట్లాడిన కూలి ఎగవేయు నిర్వాహకుని బుద్ధి సంస్కరింపదగినది. పాట చేసిన పాపమేమి? పాడిన కంఠమును మెచ్చి, ఆడిన కాళ్లను రోయుట ఏ నీతి?

ఆట ముగిసినది. ఆ స్త్రీలు వేదిక వెనుక దుప్పట్లు కప్పుకొని పులిహోర తినుచుండిరి. మేము దగ్గరకు పోయి, “బాగుగ ఆడితిరమ్మా” అని నమస్కరించితిమి. వారు మొదట వెక్కిరింపనుకొనిరి. మా ముఖము చూచిన పిదప నవ్విరి. చెంగు అడ్డము పెట్టుకొనలేదు.