బేగంపేట డాబా మీద ఒక డ్రమ్ము

హ్యూస్టన్‌లో ఉండే మా తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా పొగలో వండిన మాంసం గురించే చెబుతాడు. వేలితో నొక్కితే విడిపోతుందట. పళ్లు పాడైన దగ్గర్నుంచి నాన్న మటన్ మానేసి రెండేళ్లయింది. 'ఇంట్లోనే చేసెయ్ అన్నయ్యా, నాన్న తింటారు' అన్నాడు వాడు. అంత తేలిగ్గా!

కావాల్సింది 200 లీటర్ల ఇనుప డ్రమ్ము. అడుగున గాలి రంధ్రాలు, మూతకి పొగ పోయే దారి. కింద బొగ్గుల బుట్ట, దానికి రెండడుగుల పైన జాలీ, జాలీ మీద మాంసం. ఇదేమంత పరాయి సరుకు కాదు. అమీర్‌పేటలో రోటీల హోటల్ ముందు నిలబడి చూడండి, తందూరు మట్టిపొయ్యి చాలాచోట్ల ఇనుప డ్రమ్ములోనే కూర్చుని ఉంటుంది. కాకపోతే అక్కడ నిప్పు భగభగమనాలి. ఇక్కడ దాన్ని అర్ధాకలితో ఉంచాలి. రంధ్రాలు మూస్తే వేడి తగ్గుతుంది, తెరిస్తే పెరుగుతుంది. కిటుకంతా అక్కడే.

ఓ ఆదివారం వదిలేసి సోమవారం పొద్దున్నే నాన్నా నేనూ మెట్రో ఎక్కాం. ప్రకాశ్‌నగర్ దగ్గర ఆయన అలవాటుగా పాత విమానాశ్రయం వైపు తిరిగారు. ఆయన ఉద్యోగమంతా అక్కడే. 2008 మార్చిలో విమానాలు శంషాబాద్ వెళ్లిపోయినా, ఆయన చూపు ఇంకా ఇటే. ప్యారడైజ్‌లో దిగి ఆటోలో రాణిగంజ్ చేరాం. పైపులు, బోల్టులు, మోటార్లు... ఇనుముకి సంబంధించి అక్కడ దొరకనిది ఉంటుందనుకోను.

మొదటి కొట్లో డ్రమ్ము చవగ్గా వచ్చింది. డబ్బులు తీశాను కూడా. నాన్న లోపలికి తలపెట్టి వాసన చూశారు.

"ఇందులో ఏముండేదయ్యా?"

"మంచిగ కడిగినం సార్."

"కడిగిన సంగతి కాదు, ఏముండేదో చెప్పు."

జవాబు లేదు. నాన్న నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చారు. చివరికి వంటనూనె డ్రమ్ము దొరికింది, రింగు తీస్తే మూత మొత్తం ఊడొచ్చే రకం.

వెల్డింగ్ షాపు ముసలాయన ముందు మూత తీసి చూశాకే పని మొదలుపెట్టాడు. "మూతబడ్డ డ్రమ్ము తెచ్చి కొయ్యమంటరు. లోపల ఆవిరుంటే ఒక్క నిప్పురవ్వ చాలు, బాంబే!" నేను కొన్న తళతళలాడే జీఐ జాలీని పక్కకి విసిరేశాడు. వేడెక్కితే దాని జింకు పూత పొగలొస్తాయి, అవి విషం. స్టీలు జాలీ వేశాడు.

డాబా మీద మొదటిరోజు వంట లేదు. ఖాళీ డ్రమ్ములో కట్టెలు మండించి రంగంతా కాల్చేసి, గీకి, నూనె రాసి మళ్లీ కాచాం. ఓనరుగారి అనుమతి ముందే తీసుకున్నాను గానీ, నా భయం పక్కింటి పసివాడి గురించి. వాడికి ఆయాసం. నాన్న పాత లుంగీ పీలిక చింపి యాంటెన్నా గొట్టానికి కట్టారు. రన్‌వే పక్కన గాలి గొట్టం ఎందుకుంటుందో అప్పుడు చెప్పారు. గాలి వాళ్లింటి వైపున్న రెండ్రోజులూ నిప్పు ముట్టించనివ్వలేదు.

మూడోరోజు పీలిక అటు తిరిగింది. బొగ్గుల మీద ఎండిన మామిడి, జామ కొమ్మలు వేశాం. మొదట తెల్లటి దట్టమైన పొగ వచ్చింది. అది చేదు, మాంసానికి పట్టనివ్వకూడదు. పలచబడి నీలంగా మారాకే ఉప్పూ కారం పట్టించిన రాన్ పెట్టాను. ఇక 120 డిగ్రీల దగ్గర నిలబెట్టడమే పని. మధ్యలో రెండుసార్లు మూత తీసి నాన్న చేత తిట్లు తిన్నాను. మూత తీస్తే గాలి దూరి నిప్పు రాజుకుంటుంది మరి. ఐదు గంటలు పట్టింది.

తమ్ముడు వీడియో కాల్‌లో ఉన్నాడు, అక్కడ ఇంకా తెల్లారలేదు. నాన్న ఓ ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నారు.

"ఎలా ఉంది నాన్నా? మెత్తగా ఉందా?"

ఆయన నములుతూనే 'ఉండరా' అన్నట్టు చెయ్యి ఊపి, రెండో ముక్క అందుకున్నారు.