మిరియాల బిస్కెట్టు - సరి బేసి

డెన్మార్కు అనగానే మన ఇళ్ళల్లో గుర్తొచ్చేది ఒక్కటే, నీలం రంగు గుండ్రటి రేకు డబ్బా! దుబాయి నుంచో, కువైట్ నుంచో వచ్చిన ఏ బాబాయిగారో తెస్తే, అందులో బిస్కెట్లు రెండ్రోజుల్లో హరీమంటాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్ళపాటు ఆ డబ్బాలో సూదులూ, దారపుండలూ, ఊడిపోయిన గుండీలూ! అవునా, కాదా? మీ ఇంట్లోనూ వెతికి చూడండి, దొరక్కపోదు.

కానీ క్రిస్మస్‌కి డెన్మార్కు వాళ్ళు ఇంట్లో చేసుకునే బిస్కెట్టు ఒకటుంది. దాని పేరు పెబర్‌నోదర్. అంటే మిరియపు గింజలని అర్థం. గింజలూ లేవు, పప్పులూ లేవు. గోలీకాయంత ఉంటుంది, అంతే! 2019 డిసెంబరులో దాన్ని మొదటిసారి నోట్లో వేసుకున్నాను.

నేను వెళ్ళింది తిండికోసం కాదు లెండి. సినిమా పిచ్చి! కోపెన్‌హేగెన్‌లో వాల్బీ అనే పేట ఉంది. 1906లో ఓలే ఓల్సెన్ అనే ఆయన పెట్టిన నార్డిస్క్ ఫిల్మ్ కంపెనీ స్టూడియో అక్కడే. భూగోళమెక్కి నిలబడ్డ తెల్ల ఎలుగుబంటి దాని గుర్తు. మూకీల కాలంలో పుట్టిన కంపెనీ ఇప్పటికీ సినిమాలు తీస్తోందంటే మాటలా! పైగా తిండిమీద గొప్ప సినిమా తీసింది కూడా ఆ దేశం వాళ్ళే. 1987లో వచ్చిన ‘బాబెట్స్ ఫీస్ట్’కి మరుసటి ఏడాది ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ దక్కింది. డెన్మార్కుకి ఆ విభాగంలో అదే మొదటిది. మనకి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి భోజనం ఎలాగో, వాళ్ళకి ఆ విందు అలాగ!

డిసెంబరులో కోపెన్‌హేగెన్ ఎలా ఉంటుందో చెప్పమంటారా? పొద్దున్న ఎనిమిదిన్నర దాటితేగాని సూర్యుడు లేవడు. మధ్యాహ్నం మూడూ నలభైకల్లా సెలవు పుచ్చుకుంటాడు. మ్యాట్నీకి వెళ్ళి బయటికొస్తే అర్ధరాత్రే అనిపిస్తుంది. అందుకేనేమో, కిటికీ కిటికీకీ కొవ్వొత్తులు పెడతారు. 1843 నుంచీ ఉన్న టివోలీ వినోదాల తోట నిండా దీపాలే. వాల్ట్ డిస్నీ తన డిస్నీలాండ్ కట్టక ముందు వచ్చి చూసి ముచ్చటపడ్డ తోట అది.

అక్కడ నా మకాం ఒక మిత్రుడింట్లో. తెనాలి కుర్రాడు. చదువుకని వెళ్ళి, తోటి విద్యార్థినిని ప్రేమించి, కోపెన్‌హేగెన్ టౌన్‌హాల్‌లో సంతకాల పెళ్ళి చేసుకున్నాడు. తల్లికి పెళ్ళి ఫోటోల్లోనే కనిపించింది. ‘ఒక్కగానొక్క కొడుకు పెళ్ళి చూడని తల్లిని’ అని ఆవిడ ఆరు నెలలు ఫోన్లో సరిగ్గా మాట్లాడలేదు. బతిమాలి బామాలి డిసెంబరులో రప్పించాడు. వచ్చింది, అంతే! చేతిలో జనవరి రెండో తారీకు తిరుగు టిక్కెట్టు. కోడలితో ఒక్క మాట లేదు. తన కుక్కర్లో తనే అన్నం వండుకుని తింటోంది. కొడుకు మొహం చూస్తే క్లైమాక్స్‌కి ముందు రీలులో హీరోలా ఉంది.

ఇరవై నాలుగో తారీకు సాయంత్రమే అక్కడ అసలు పండగ. అందరం రోస్కిల్డేలో ఉన్న కోడలి పుట్టింటికి వెళ్ళాం. బల్ల మీద కాల్చిన బాతు, పంచదార పాకంలో వేయించిన చిన్న బంగాళాదుంపలు, ఎర్ర క్యాబేజీ. చివర్న బియ్యంతో చేసిన తీపి పరమాన్నం. అందులో ఒకే ఒక్క బాదంపప్పు దాచిపెడతారు, అది ఎవరికొస్తే వాళ్ళకి బహుమతి. పిన్నిగారు మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

చెట్టుకి నిజం కొవ్వొత్తులు వెలిగించారు. రంగు కాగితాలతో అల్లిన హృదయాలు వేలాడుతున్నాయి. కథల రచయిత ఆండర్సన్ 1860లో అల్లిన కాగితపు హృదయం ఇప్పటికీ భద్రంగా ఉంది. వాటి పక్కనే కాగితపు పొట్లాలు! అచ్చంగా మన కిరాణా కొట్టు శెట్టిగారు చుట్టిచ్చే పొట్లాలే! వాటి నిండా పెబర్‌నోదర్.

వియ్యపురాలు లేచి ఒక వేరే డబ్బా తెచ్చి పిన్నిగారి ముందు పెట్టింది. కోడలు వచ్చీ రాని తెలుగులో, “గుడ్డు లేదు అత్తయ్యా. అమ్మ మీకోసం మీగడతో చేసింది” అంది. ఆ మూడు ముక్కలూ ఎన్ని రోజులు నేర్చుకుందో పాపం!

పిన్నిగారు ఒకటి తీసి నోట్లో వేసుకుంది. కాసేపు నమిలింది. “ఏవిట్రా ఇది? ఏలకులు... దాల్చినచెక్క... శొంఠి... ఒరే, మిరియం కూడా వేశారు!”

ఆశ్చర్యం ఏముంది చెప్పండి! ఆ ఘాటు అక్కడి మంచులో పండేది కాదు. 1620లోనే డేన్లు ఓడలేసుకుని మన తీరానికి వచ్చి తరంగంబాడిలో కోట కట్టారు. మన మచిలీపట్నంలోనూ వాళ్ళ వర్తకపు కొఠీ ఉండేది. 1845లో తరంగంబాడిని ఇంగ్లీషువాళ్ళకి అమ్మేసి వెళ్ళారు. కోట ఇంకా అక్కడే ఉంది.

ఇంతలో ఎనిమిదేళ్ళ మేనల్లుడొకడు కొన్ని బిస్కెట్లు పిడికిట్లో బిగించి, పిన్నిగారి ముందు చెయ్యి చాపి, వాళ్ళ భాషలో ఏదో అడిగాడు. కొడుకు తర్జుమా చెయ్యబోయాడు. పిన్నిగారు ఆగలేదు.

“సరి!”

వాడు పిడికిలి విప్పాడు. ఆరు! ఇల్లంతా ఘొల్లుమంది.

చింతపిక్కలతో మనం ఆడుకునే సరి బేసి ఆటే అది! చెబితే గింజలన్నీ నీవి, తప్పితే నువ్వివ్వాలి. ఆటకి దుబాసీ ఎందుకు? గంటసేపు ఆడారు. వియ్యపురాళ్ళిద్దరూ ఎదురెదురుగా కింద కూర్చుని, ఒకరి పిడికిలి ఒకరు విప్పుకుంటూ పోట్లాడుకున్నారు. “వదినగారూ, తొండి!” అంటే ఆవిడ తలూపింది, ఏం అర్థమయిందో మరి!

ఆట ముగిసేసరికి పిన్నిగారి ముందు గుట్ట పోగయింది. లేచి, దోసిట్లోకి ఎత్తుకుని, కోడలి దగ్గరికి వెళ్ళి ఒడిలో పోసింది. “పెళ్ళినాడు నింపాల్సిన ఒడి. ఇవాళ నింపాను” అంది. నా మిత్రుడు కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఎలా చేస్తారంటారా? ఆవిడ చెప్పిన లెక్క ఇదీ. పావుకిలో మైదాకి నూట పాతిక గ్రాముల వెన్న, అంతే పంచదార, ఒక గుడ్డు, వద్దంటే కాస్త మీగడ. ఏలకులు, దాల్చినచెక్క, శొంఠి పొడులు, చిటికెడు తెల్ల మిరియం, కొంచెం బేకింగ్ పౌడరు. కలిపి, వేలి లావున తాడులా పేని, ముక్కలు కోసి, ఉండలు చుట్టి పది నిమిషాలు ఓవెన్లో పెట్టడమే. మన ఉక్కారీ, పాకం తంటా ఏమీ లేదు.

అన్నట్టు, జనవరి రెండున విమానం ఎక్కింది నేనొక్కణ్ణే. పిన్నిగారు టిక్కెట్టు ఫిబ్రవరికి మార్పించుకుంది. వియ్యపురాలికి జంతికలు నేర్పాలిట!