నక్షత్రదోషము

ఆంగ్లభాషలో ఒక నవల కలదు. దాని పేరును తెనిగింపవలసివచ్చినచో మాట కొరకు నిఘంటువు వెదకనక్కరలేదు. మన ఇండ్లలో పెండ్లిమాటలు మొదలైననాడే వినబడు మాటయే అది: నక్షత్రదోషము. జాన్ గ్రీన్ అను అమెరికా రచయిత 2012 జనవరిలో ప్రకటించిన "ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్" అను ఈ నవలకు పేరు షేక్స్పియరు "జూలియస్ సీజర్" నాటకములోనుండి వచ్చినది. మన హీనస్థితికి తారలు గాక మనమే కారణమని అందులో కాసియస్ బ్రూటసునకు బోధించును. పదునారేండ్ల పిల్ల ఊపిరితిత్తులు చెడిపోయినప్పుడు ఆ బోధ యెట్లు చెల్లునని గ్రీన్ ప్రశ్న. మన జ్యోతిష్కులకు కాసియస్ కంటె గ్రీనే నచ్చవచ్చును. అయితే ఆయన శాంతి యేదియు సూచింపలేదు.

కథ తెలియనివారి కొరకు క్లుప్తముగా చెప్పెదము. ఇండియానాపొలిస్ నగరములో హేజెల్ అను బాలిక. థైరాయిడ్ గ్రంథిలో పుట్టిన క్యాన్సరు ఊపిరితిత్తులకు ప్రాకినది. ప్రాణవాయువు సిలిండరును చిన్న చక్రాల బండిపై వెంట లాగుకొనుచు తిరుగుచుండును. ఒక చర్చి నేలమాళిగలో వ్యాధిగ్రస్తులైన పిల్లలు కూడి మాటలాడుకొను సభలో ఆమెకు అగస్టస్ అను పదునేడేండ్ల బాలుడు తారసపడినాడు. ఎముకల క్యాన్సరు వలన ఒక కాలు పోయినవాడు. ముట్టించని సిగరెట్టును పెదవుల నడుమ నుంచుకొని, చంపు వస్తువును చంపనీయక చేతిలో పెట్టుకొన్నానని గర్వించువాడు. ఇద్దరును కలసి హేజెల్‌కు ప్రాణసమానమైన ఒక పుస్తకమును వ్రాసిన రచయితను చూడ ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళిరి. ఆయన మద్యపానమత్తుడై వారిని అవమానించినాడు. పాఠకులందరు హేజెల్ కొరకు భయపడుచుండగా వ్యాధి తిరుగబెట్టినది అగస్టసునకు. పోయినది అతడు.

గ్రీన్ పూర్వము పిల్లల ఆసుపత్రిలో మతసేవకునిగా కొన్ని నెలలు పనిచేసినవాడు. ఈ నవలను 2010లో పదునారేండ్ల ప్రాయమున థైరాయిడ్ క్యాన్సరుతో మరణించిన ఎస్తర్ ఎర్ల్ అను బాలికకు అంకితమిచ్చినాడు. కనుకనే కాబోలు, రోగులైన పిల్లలను దేవతలుగా చిత్రింపలేదు. వారు కోపగింతురు, అబద్ధమాడుదురు, కన్నులు పోగొట్టుకొన్న మిత్రుని విడిచిపోయిన పిల్ల కారుపై కోడిగ్రుడ్లు విసరుదురు. మాకు నచ్చినది ఇదియే. నచ్చనివియు లేకపోలేదు. ఈ పిల్లలు కొన్నిచోట్ల తత్త్వశాస్త్ర పండితులవలె మాటలాడుదురు. యాన్ ఫ్రాంక్ దాగిన ఇంటిలో వీరు ముద్దాడుట, చూడవచ్చినవారు చప్పట్లు కొట్టుట మాకు రుచింపలేదు. అది అట్టి చోటు కాదు. అనంతములలో చిన్నవి పెద్దవి కలవని హేజెల్ చెప్పుట నిజమే గాని, ఆమె చూపిన ఉదాహరణ గణితమున నిలువదు: సున్నకు ఒకటికి నడుమ నున్న సంఖ్యలును, సున్నకు రెండునకు నడుమ నున్నవియు సమానమే. శోకములో నున్న పిల్లకు ఆ లెక్క తప్పును ఎవరు చెప్పగలరు?

హేజెల్ ప్రేమించిన ఆ పుస్తకము కల్పితము. దాని పేరు "సామ్రాజ్య సంబంధమైన వ్యాధి" అని అర్థమిచ్చును. ఎమిలీ డికిన్సన్ కవితనుండి గ్రహించిన మాట. అది చదివినప్పుడు మేము నిలిచిపోయినాము. మన పెద్దలు క్యాన్సరును రాచపుండు అన్నారు. క్షయను రాజయక్ష్మము అన్నారు. రెండింటికి రాజ్యమే పేరు! రాజయక్ష్మపు గాథ మనమెరిగినదే. చంద్రుడు దక్షుని కుమార్తెలు ఇరువదియేడుగురను పెండ్లాడి రోహిణి యందే మక్కువ చూపగా, దక్షుడు క్షయరోగము కలుగునట్లు శపించినాడు. ఆ కుమార్తెలే నక్షత్రములు. ప్రేమ, వ్యాధి, తారల దోషము మూడును ఒక్క కథలో మనవారు ఏనాడో కట్టి యుంచినారు. ప్రభాసతీర్థములో స్నానమాడి చంద్రుడు సగము శాపము తీర్చుకొన్నాడు. నేటికిని ఒక పక్షము తగ్గుచు ఒక పక్షము పెరుగుచున్నాడు. దీర్ఘవ్యాధితో బ్రతుకు వారికి ఇది బాగుగా తెలియును.

సావిత్రి కథయు స్మరణకు వచ్చును. ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వ శేషములో ఆమె సత్యవంతునికి ఏడాదియే ఆయువని నారదుడు చెప్పిన పిమ్మట కూడ అతనినే వరించినది. అగస్టస్ హేజెల్‌ను వరించుట ఇట్టిదే. సావిత్రి యముని మాటలతో గెలిచినది. ఈ పిల్లలకును మాటలే ఆయుధము గాని యముడు వినలేదు. మన చలనచిత్రములలో 1989 నాటి మణిరత్నం "గీతాంజలి" ఈ త్రోవ త్రొక్కినది. అందు నాయికానాయకులిద్దరును రోగులే. గ్రీన్ నవలయే 2020లో "దిల్ బేచారా" అను హిందీ చిత్రమై, మనవారు చాలమంది ఉక్కు కర్మాగారపు కొలువులకై స్థిరపడిన జంషెడ్‌పూరులో కథగా నడచినది.

ప్రేమకథకై ఈ నవల చదువువారు చదువుదురు గాక. మాకు ముఖ్యముగా తోచినది తల్లి కథ. హేజెల్‌కు పదునాలుగేండ్ల ప్రాయమున ప్రాణము మీదికి వచ్చినప్పుడు, ఇక తాను తల్లిని కాకుండ పోదునని తల్లి ఏడ్చుట ఆమె చెవిని బడినది. ఆ మాట ఆ పిల్లను విడువలేదు. తనకు ప్రియమైన పుస్తకము నడుమ వాక్యములో తెగిపోగా, అందలి రోగిబాలిక తల్లి తరువాత ఏమైనదో తెలిసికొనుటకే ఆమె సముద్రము దాటినది. ఇంతలో సొంత తల్లి రహస్యముగా సమాజసేవా శాస్త్రము చదువుచుండినది. కూతురు పోయిన పిదప బ్రతుకునకు సిద్ధపడుచున్నదని తలచునేమో యని దాచినది. తెలిసినప్పుడు హేజెల్ సంతోషముతో ఏడ్చినది.

మేము మూడు తరములుగా రాయవేలూరు వాసులము. 1900లో ఐడా స్కడర్ ఒక్క పడకతో ఆరంభించిన వైద్యాలయము నేడు మహాసంస్థ. దాని యెదుటి వీథులలోని లాడ్జీలలో చిత్తూరు, నెల్లూరు, కడపల తెలుగు ఎప్పుడును వినబడుచుండును. అరవము రానివారికి మాటసాయము చేయుటకు మా ఇండ్లనుండి ఎవరో ఒకరు పోవుచుందురు. అచ్చట తరచుగా వినబడు మాట ఒక్కటే: "డాక్టరుగారూ, పిల్లకు మాత్రము చెప్పకండి."

మా చెల్లెలి మనుమరాలికి పదునేడవ యేట రక్తసంబంధమైన వ్యాధి కనిపించినప్పుడు మా ఇంటనే ఆ మాట పుట్టినది. ఊరివారికి "రక్తము తక్కువ" అని చెప్పిరి. రేపు సంబంధములు చూడవలెను గదా! పిల్లకును అదే చెప్పిరి. ఆ పిల్ల తెలుగు చక్కగా మాటలాడును, చదువ నేరదు. ఇంగ్లీషు పుస్తకములే చదువును. మందు ఎక్కించు దినములలో ఒకనాడు ఈ నవలను మా చేతికిచ్చి, "తాతయ్యా, ఇందులో హేజెల్ వాళ్ళమ్మ కూడ దాచింది. దాచారని తెలిసినా, తెలియనట్టు నటించటం చాలా అలసటగా ఉంటుంది. మీరు చదివి అమ్మకు చెప్పండి" అన్నది.

రెండు రాత్రులలో చదివినాము. మూడవనాడు దాని తల్లిని కూర్చుండబెట్టి కథ మొత్తము చెప్పినాము. ఆమె చాలసేపు మౌనముగా నుండి, లేచి వెళ్ళి కూతురి ప్రక్కన కూర్చుండి, రోగము పేరు నోట పలికినది. లోపల ఏమి మాటలాడుకొన్నారో మేమడుగలేదు. ఆ రాత్రి ఇద్దరును ఒకే కంచములో పెరుగన్నము తినుట మాత్రము చూచినాము.

ఇది జరిగి ఆరేండ్లయినది. పిల్ల చదువు ముగించి కోయంబత్తూరులో ఉద్యోగము చేయుచున్నది. ఏటికొకసారి పరీక్షకు వచ్చి పోవును. గడచిన మాఘములో తిరుపతినుండి ఒక సంబంధము వచ్చినది. మా చెల్లెలు జాతకము నకలు వ్రాయించి, పసుపు పెట్టి, కవరులో నుంచుచుండగా పిల్ల తన ఆసుపత్రి కాగితములు తెచ్చి, "అమ్మమ్మా, ఇవి కూడ అందులోనే పెట్టు. దోషం చూసుకునేవాళ్ళు మొత్తం చూసుకోవాలి గదా" అన్నది.

"ఈ కవరు పట్టదే" అని మా చెల్లెలు పెద్దది తెమ్మని మమ్ములను పంపినది.