ఒక భోషాణం, ఒక తద్భవం

మా ఇంటికి కొత్తగా వచ్చినవారు నడవలో కూర్చోగానే అడిగే ప్రశ్న ఒకటే. "అయ్యవారూ, ఇది బల్లా, భోషాణమా?" రెండూనని చెబుతాను. తెలుగు పండితుణ్ణి కావడం వల్ల ఊరుకోలేక, "ఇది తద్భవం" అని కూడా అంటాను. వారు నవ్వి ఊరుకుంటారు. ఆ మాట వెనుక ఉన్న సంగతి చెప్పుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

చదువరులకు ముందుగా చిన్న వ్యాకరణ పాఠం. సంస్కృతం నుంచి వచ్చిన మాట రూపం పెద్దగా మారకుండా, చివర మన ప్రత్యయం మాత్రం చేర్చుకుని నిలిస్తే అది తత్సమం. రాముడు, వృక్షము వంటివి. మన నోటికి అనువుగా అరిగి మారిపోతే తద్భవం. పుస్తకము పొత్తమైంది, సంధ్య సందె అయింది, ముఖము మొగమైంది. మారే క్రమంలో కొన్ని అక్షరాలు పోతాయి. పోయినందుకు ఎవరూ దుఃఖించరు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ పాఠం చెప్పిన నేను కూడా దుఃఖించలేదు, 2020 దాకా.

మాది కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె. పత్రికలు చదివేవారికి యురేనియం గని ఉన్న ఊరుగా తెలుస్తుంది. పదవీ విరమణ చేసి ఇంటికి వచ్చేటప్పుడు ముప్ఫై ఏళ్ళ పుస్తకాలను గోనెసంచుల్లో తెచ్చుకున్నాను. మిద్దె గోడ పక్కన వరుసగా పేర్చాను. రెండు వానాకాలాలు గడిచేసరికి అడుగు వరుస చెదల పాలయింది. నా శబ్దరత్నాకరంలో మకారం దగ్గర చెదపురుగు ప్రవేశించి సకారం దగ్గర బయటపడింది. "ఇనుప బీరువా కొనుక్కోరాదా?" అన్నది మా ఇంటావిడ. నా ఇబ్బంది పుస్తకాలతోనే తీరేది కాదు. మోకాళ్ళ నొప్పుల వల్ల బాసిపట్టు వేసుకుని డెస్కు ముందు కూర్చోలేకపోతున్నాను. కుర్చీలో కూర్చుని రాసుకునే బల్ల కావాలి, పుస్తకాలు దాచే చోటూ కావాలి. రెండూ పట్టేంత స్థలం మా నడవలో లేదు.

ఆ రోజుల్లోనే గండికోట జలాశయంలో నీటిమట్టం పెంచుతున్నారు. పెన్నానది మీది ఆ జలాశయం సామర్థ్యం సుమారు 27 టి.ఎం.సి.లు. కొండాపురం మండలంలో తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు ఖాళీ అవుతున్నాయి. కరువు సీమకు నీళ్ళు రావడం మేలే. ఆ నీటి కింద ఎవరి గడపలో మునగడమూ నిజమే. జనం తమ ఇళ్ళను తామే విప్పుకుని దూలాలు, వాకిళ్ళు, కిటికీలు, రోళ్ళు ట్రాక్టర్ల మీద వేసుకుని పోతున్నారు. కొత్త ఇళ్ళలో పట్టనివి దారి పక్కనే అమ్ముతున్నారు. ఒక మిత్రుడు చెబితే ముద్దనూరు మీదుగా వెళ్ళాను.

ఒక వేపచెట్టు కింద ఈ భోషాణం కనిపించింది. పొడవు ఐదున్నర అడుగులు, వెడల్పు రెండున్నర, ఎత్తు ఇరవైయేడు అంగుళాలు. అంగుళంన్నర మందం వేపపలకలు, మూలలకు ఇనుప పట్టీలు. పక్కన డెబ్బై దాటిన ఒక తల్లి కూర్చుని ఉంది. బేరం ఆమె కొడుకుతో నాలుగు వేలకు కుదిరింది.

"ఏం పెడతావు అయ్యవారూ దీంట్లో?" అని అడిగింది ఆమె.

"పుస్తకాలమ్మా."

"మంచిదే. మేము జొన్నలు పెట్టినాము, చీరలు పెట్టినాము. ఎలక మాత్రం దూరలేదు సూడు."

ఇంటికి తెచ్చాక మా ఊరి ఆచారిని పిలిపించాను. ఆయన లెక్క సులువైనది. కుర్చీలో కూర్చుని రాసుకోవడానికి బల్ల ముప్ఫై అంగుళాల ఎత్తు ఉండాలి. భోషాణం ఇరవైయేడు. కింద మూడంగుళాల నల్లతుమ్మ కాళ్ళు వేస్తే సరిపోతుంది. తుమ్మలపల్లెలో తుమ్మమొద్దుకు వెతుక్కోనక్కరలేదు. ఒక్కొక్క కాలి కింద కడప బండ ముక్క పరిస్తే నేల తేమ ఎక్కదు. ముందు పలకలో నడిమి భాగం రెండడుగుల మేర, దానితోపాటు అక్కడి అడుగుచెక్కనూ కోసేస్తే మోకాళ్ళకు చోటు. రెండు పక్కలా అడ్డుపలకలు పెట్టి, ముందువైపు చిన్న తలుపులు తెరిస్తే పుస్తకాల అరలు. పైమూతను మేకులతో బిగిస్తే అదే రాతబల్ల.

"లోపల కూడా చిత్రిక పట్టు ఆచారీ. మసి, నూనె జిడ్డు పుస్తకాలకు అంటుకుంటాయి" అన్నాను.

"లోపల యాలసామీ, సబ్బునీళ్ళ గుడ్డతో తుడిస్తే పోతాది" అన్నాడాయన.

నేను వినలేదు. అయ్యవారి మాట కాదనలేక ఆయన మూత ఊడదీసి, బోర్లించి, చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. కొంతసేపటికి చప్పుడు ఆగింది. "సామీ, ఇక్కడేందో అచ్చరాలున్నట్టుండాయి" అని కేక వేశాడు.

గుడ్డతో మసి తుడిచి చూశాను. మేకుమొనతో గీసిన నాలుగు పంక్తులు. ఒక్కొక్క పంక్తిలో ఒక పేరు, సంవత్సరం, మాసం. ప్లవంగ, సౌమ్య, పరీధావి. అంటే 1967, 1969, 1972 ప్రాంతాలు. పిల్లల పుట్టుకలని తెలుస్తూనే ఉంది. అన్నిటికంటె పైనున్న పంక్తి ఎడమసగం చిత్రిక కింద పొట్టుగా రాలిపోయింది. మిగిలింది ఇంతే: "...మ్మ, విశ్వావసు, శ్రావణం". 1965. పేరులో ఒక్క ద్విత్వాక్షరం తప్ప ఏమీ లేదు. కింద పడిన పొట్టును ఏరి చూశాను. పల్చని చుట్టలుగా మారిన వేపచెక్కలో అక్షరాన్ని పోల్చుకోవడం సాధ్యం కాలేదు.

శ్రీశైలం జలాశయం నిండేటప్పుడు కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. ఆ గుడిని చాలాసార్లు చూశాను, మా పిల్లలకు చూపించాను. పండితులు, శిల్పులు పూనుకుంటే అలా జరుగుతుంది. ఒక మామూలు రైతు భోషాణం మీద తన బిడ్డ పేరు గీసుకుంటే, దాన్ని చదవగలిగిన పండితుడి ఇంటికి వచ్చి అది చెరిగిపోయింది. తప్పు ఆచారిది కాదు.

వారం తరువాత ఆ నాలుగు పంక్తులూ కాగితం మీద ఎత్తిరాసుకుని, ఆ కుటుంబం చేరిన కొత్త కాలనీ వెతుక్కుంటూ వెళ్ళాను. జరిగింది చెప్పాను. ఆమెకు చదువు రాదు. "బిడ్డ పుట్టినప్పుడల్లా ఆయన మూత ఎత్తి ఏందో గీకుతాండె. ఏం గీకినాడో నాకేం తెలుసు?" అన్నది. చదవమన్నది. కింది నుంచి చదివాను. మూడు పేర్లకూ తల ఊపింది. కొడుకు తన పేరు విని నవ్వాడు. నాలుగోది వచ్చేసరికి ఆగిపోయాను.

"అది పెద్దపాప" అన్నది. "ఏడాది నిండలేదు." కాసేపటికి పేరు కూడా చెప్పింది. కొడుకు తల్లివైపు చూశాడు. తనకు ముందు ఒక అక్క పుట్టి పోయిందని విన్నాడు గాని, పేరు ఆ రోజే విన్నాడు. అంతవరకూ ఆ పేరు రెండే చోట్ల ఉంది: ఆ తల్లి జ్ఞాపకంలో, ఈ మూత లోపల. రెండో చోటును నేను చెరిపివేశాను.

మూత తిరిగి ఇచ్చేస్తానన్నాను. "యాడ పెట్టుకుందు నాయనా? నీ దగ్గరే ఉండనీ" అన్నది.

తిరిగి వచ్చి పథకం మార్పించాను. మూతకు మేకులు కొట్టవద్దన్నాను. పాత మడతబందులతోనే మళ్ళీ బిగించాడు ఆచారి. లోపలివైపు చిత్రిక ఆపించి, ఆయన ముందే చెప్పినట్టు సబ్బునీళ్ళ గుడ్డతో తుడిపించాను. మసి పోయింది. అరల్లో వసకొమ్ము మూటలు పెట్టాను. గోడకు నాలుగంగుళాలు ఎడంగా నిలబెట్టాము. ఇంతవరకు చెదలు రాలేదు. ఎలుక కూడా దూరలేదు, ఆమె చెప్పినట్టే.

పాత సామాను కొని తమ అవసరానికి మార్చుకునేవారికి నేను చెప్పగలిగింది ఇదే. కొలతలు తీసేముందు వస్తువును బోర్లించి, లోపలివైపు తుడిచి, వెలుతురులో చూడండి. తెలిసిన పనివాడు వద్దంటే ఒకసారి ఆగండి. మార్చవద్దని అనను, మారకపోతే ఈ భోషాణం పొయ్యిలోకి పోయేది. కాని తద్భవాన్ని వాడుకునేవాడు దాని ప్రకృతి ఏమిటో తెలుసుకుని ఉండాలి. అది పాఠంగా చెప్పినవాణ్ణి, పాటించడం ఆలస్యంగా నేర్చుకున్నాను.

చెరిగిన చోట ఆ పాప పేరు పెన్సిలుతో రాశాను. మేకుతో గీయడానికి నాకు అధికారం లేదనిపించింది. పెన్సిలు రాత ఏడాదికి మసకబారుతుంది. అందుకని ప్రతి ఉగాదికి బల్ల మీది పుస్తకాలన్నీ దించి, మూత ఎత్తి, ఆ అక్షరాల మీద మళ్ళీ దిద్దుతున్నాను.