పలమనేరు సారె దగ్గర ఒక సాయంత్రం

చిత్తూరు నుండి పలమనేరుకు సుమారు 40 కిలోమీటర్లు. బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాటు ఎక్కడం మొదలుపెట్టగానే గాలి మారుతుంది. క్రింద చెమటలు పట్టించిన ఎండ పైకి వచ్చేసరికి మెత్తబడుతుంది. సముద్రమట్టానికి 2,200 అడుగుల ఎత్తున, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాల సరిహద్దులకు చేరువలో ఉన్న పట్టణమిది. అందుచేత ఇక్కడి బజారులో తెలుగుతో పాటు కన్నడం, తమిళం వినిపిస్తాయి. మా ఇళ్ళలో మాట్లాడుకునే ఉర్దూ కూడా వాటి నడుమ ఇమిడిపోయి ఉంటుంది. టమోటా బుట్టల లారీలు, పాల క్యాన్లు కట్టుకున్న మోటారు సైకిళ్ళు, చింతచెట్ల నీడలు దాటుకుంటూ పట్టణంలో ప్రవేశించాము.

మా ప్రయాణానికి రెండు ఉద్దేశ్యాలు. మొదటిది, పిల్లలకు కైగల్ జలపాతాన్ని చూపించడం. రెండవది, పలమనేరు మట్టి పనివారిని కలుసుకోవడం. ఇక్కడి ఎర్రమట్టి బొమ్మలకు, కుండీలకు, గోడ పలకలకు రాష్ట్రం బయట కూడా పేరుంది. పిల్లలు వాటిని ఎగ్జిబిషన్లలో చూశారే తప్ప, మట్టి కుండగా మారే క్షణాన్ని ఏనాడూ చూడలేదు. ఆ క్షణాన్ని ఫొటోగా దాచుకోవాలన్నది మా కోరిక. అందుకోసమే మామయ్యగారి కెమెరాను అడిగి తెచ్చుకున్నాము.

కైగల్ కుప్పం వెళ్ళే దారిలో బైరెడ్డిపల్లె మండలంలో ఉంది. స్థానికులు ఈ జలపాతాన్ని దుముకురాళ్ళు అంటారు. ఆ పేరే దానికి తగినది. చుట్టూ ఉన్నది కౌండిన్య అభయారణ్యం. 1990లో ఏర్పడిన ఈ అభయారణ్యం 357 చదరపు కిలోమీటర్ల పైచిలుకు విస్తరించింది. ఎన్నో తరాలుగా ఈ ప్రాంతంలో కానరాని ఏనుగులు 1980లలో పొరుగు రాష్ట్రాల అడవుల నుండి ఇటు వచ్చి స్థిరపడ్డాయి. అడవిని ఆనుకొని చెరకు, అరటి వేసుకున్న రైతుకు ఆ రాక ఆనందం కలిగించేది కాదు. రాత్రి కావలి ఎంత కష్టమో దారిలో టీ కొట్టు దగ్గర కూర్చున్న రైతులు చెప్పగా విన్నాము.

జలపాతం దగ్గర మామయ్యగారి లెన్సుకున్న పోలరైజర్ ఫిల్టరు బాగా ఉపకరించింది. తడి బండల మీద, ఆకుల మీద ఎండ పడి తెల్లగా మెరిసే మెరుపును అది అణచివేస్తుంది. అప్పుడు రాతి అసలు రంగు, నీటి అడుగున ఉన్న గులకరాళ్ళు కనిపిస్తాయి. ముందున్న గాజు చక్రాన్ని వ్రేలితో మెల్లగా త్రిప్పుతూ ఉంటే మెరుపు తగ్గుతూ, పెరుగుతూ ఉండడం పిల్లలకు ఒక వింత. అయితే ఈ ఉపకారానికి వెల ఉంది. లోపలికి పోవలసిన వెలుతురులో మూడో వంతో, నాలుగో వంతో మాత్రమే ఇది పోనిస్తుంది. ఎండలో ఆ లోటు తెలియదు. నీడలోకి వస్తే తెలుస్తుంది.

అస్ర్ నమాజు ముగించుకొని పట్టణ శివార్లలోని ఒక కుమ్మరి ఇంటికి చేరుకున్నాము. ఎనభై ఏళ్ళకు దగ్గరపడిన పెద్దాయన. కొడుకులు అచ్చులతో పలకలు, తోట కుండీలు చేస్తున్నారు. సారె మీద కూర్చోవడం ఆయన ఎప్పుడో మానుకున్నారు. పిల్లల ముఖం చూసి, "ఒక్క తూరి కూసుంటా, మల్లా అడగొద్దండా" అని నవ్వారు. కోడలు బంకమన్ను పిసికి ముద్ద చేసి పెట్టింది. రేకుల కప్పు క్రింద ఒకే ఒక చిన్న కిటికీ. సూర్యుడు అప్పటికే వాలిపోయాడు.

ఆ చీకటిలో ఫిల్టరుతో కెమెరా అడుగుతున్నది సెకనులో పదిహేనో వంతు సమయం. సారె మీద కదిలే చేతులు అంతసేపట్లో పొగలా చెదిరిపోతాయి. స్టాండు పెట్టినా లాభం లేదు, కదిలేది కెమెరా కాదు కదా! ఫోను ఉంది కదా అని కొందరు పాఠకులు అనవచ్చు. చీకట్లో ఫోను అనేక చిత్రాలను వెంటవెంటనే తీసి ఒకటిగా కలుపుతుంది. గోడకు, గడపకు అది చాలు, పరుగెత్తే వ్రేళ్ళకు చాలదు. ఫిల్టరు తీసివేస్తే ఆ పదిహేనో వంతు యాభైయ్యో వంతుకు వస్తుంది, చేతులు నిలుస్తాయి. కాని ఫిల్టరు రాలేదు. ఎన్ని సంవత్సరాలుగా ఆ లెన్సుకు అతుక్కొని ఉందో, మరల సందుల్లో సన్నని దుమ్ము గట్టిపడి ఉంది.

మా తమ్ముడు బొటనవ్రేలు, చూపుడువ్రేలు బిగించి పట్టి త్రిప్పసాగాడు. ముందు చక్రం హాయిగా గిర్రున తిరుగుతుంది, వెనుకనున్నది కదలదు. పోలరైజర్‌తో వచ్చే చిక్కే ఇది. అందులో రెండు చక్రాలు. ముందుది త్రిప్పుకోవడానికి, వెనుకది లెన్సుకు బిగించడానికి. వెనుక చక్రం వెడల్పు గోరంత కూడా ఉండదు. తమ్ముడు ఇంకా గట్టిగా నొక్కాడు. నూనె చుక్క వేద్దామా అని ఎవరో అన్నారు. వద్దన్నాము. నూనె సందుల గుండా ప్రాకి గాజు మీదకు, ఇంకా లోపలికి చేరితే లెన్సే పాడవుతుంది. పట్టకారు అంతకంటే చేటు. ఫ్రిజ్‌లో పెట్టాలనే సలహా కూడా లోకంలో ఉంది. రెండు చక్రాలూ అల్యూమినియమే అయినప్పుడు రెండూ ఒకేలా ముడుచుకుంటాయి, దక్కేది లోపల చెమ్మ మాత్రమే.

అంతసేపూ చూస్తున్న పెద్దాయన సారె ఆపారు.

"అట్ల పిసికితే యాడొస్తాది నాయనా? రెండు పక్కలా నొక్కితే ఇంగో రెండు పక్కలా ఉబ్బుతాది. గుండ్రం పోయినాక ఇంగ తిరిగేదెట్ల?"

"మరి ఎట్లా పట్టుకోవాలి తాతా?" అని మా చిన్నవాడు అడిగాడు.

ఆయన మాటలతో చెప్పలేదు. సారె మీద అప్పుడే లేస్తున్న పచ్చికుండ అంచును రెండు వ్రేళ్ళతో నొక్కి చూపారు. అంచు ఆకులా సాగింది. తర్వాత రెండు అరచేతులూ చుట్టూ పెట్టి, నొక్కీ నొక్కనట్లు ఒక చుట్టు త్రిప్పారు. మళ్ళీ గుండ్రం. లెన్సు మర దగ్గర జరిగేది అక్షరాలా ఇదే. ఒక చుట్టు తిరిగితే ముప్పావు మిల్లీమీటరు మాత్రమే ముందుకు జరిగే సన్నని మర అది. పలుచని చక్రం వెంట్రుకవాసి కోలగా మారినా అంచులు ఒరుసుకొని పట్టేస్తాయి. ఎంత బలం పెడితే అంత బిగుస్తుంది.

వీధి చివర పంక్చర్ల అంగడి నుండి పాత సైకిల్ ట్యూబు ముక్క తెచ్చాడు తమ్ముడు. దానిని అంగుళం కంటే తక్కువ వెడల్పుగా కత్తిరించి, పొడి బ్రష్షుతో సందులోని దుమ్ము దులిపి, రెండు చక్రాల మీదా కలిపి రెండు చుట్లు చుట్టాము. ఆ విధంగా ముందుది, వెనుకది ఒకటిగా తిరుగుతాయి. ఒకరు లెన్సును ఫిల్టరుకు సరిగ్గా వెనుక పట్టుకున్నారు. మరొకరు ట్యూబు చుట్టూ అరచేయి మూసి, గాజును తమ వైపు ఉంచుకొని, గడియారపు ముల్లుకు ఎదురుదిశలో కుదుపు లేకుండా త్రిప్పారు. మొదటిసారి రాలేదు. బిగింపు తగ్గించి మళ్ళీ త్రిప్పగా, చిన్న చప్పుడుతో వదిలింది.

ఇలాంటి చక్రాలు ఊడదీయడానికి ప్లాస్టిక్ పట్టీలు జతగా అమ్ముతారు, వెల కూడా తక్కువే. క్రిందపడి అంచు నొక్కుకుపోయిన ఫిల్టరు మాత్రం ట్యూబుకు లొంగదు. దానిని కోసి తీయవలసి ఉంటుంది, అది రిపేరు చేసేవారి పని. మళ్ళీ బిగించేటప్పుడు ముందుగా ఎదురుదిశలో త్రిప్పి, మర కూర్చున్న చిన్న తాకిడి తెలిశాక బిగిస్తే వంకర పడదు. ఇత్తడి చక్రమైతే అల్యూమినియం అంత సులభంగా పట్టదు. ఈ సంగతులు మేము తిరిగి వచ్చాక మామయ్యగారికి చెప్పగా, ఆయన ఆ ఫిల్టరును అసలు తీసిందే లేదని తెలిసింది.

పెద్దాయన మళ్ళీ సారె త్రిప్పారు. వంకర పోయిన కుండను పారవేయలేదు, దానినే పైకి లేపారు. మెడ దగ్గర వ్రేళ్ళు కొంచెం వణికాయి, అరచేతులు వణకలేదు. కిటికీ వెలుతురు ఆయన కుడిచేతి మీద పడుతున్నప్పుడు ఇరవై ముప్పై ఫొటోలు తీశాము. దారంతో కుండ అడుగు కోసి, ప్రక్కనున్న పలక మీద పెట్టి, చేతులు కడుక్కొని వచ్చి వాటిని ఒక్కొక్కటిగా చూశారు.

"ఈ చేతులు నావేనా!" అని, ఆ ఒక్క ఫొటోను కోడలికి కూడా చూపించమన్నారు.

కుండ ఆరడానికి కొన్ని రోజులు పడుతుంది. వచ్చే ఆవంలో కాల్చి ఉంచుతామని కొడుకు చెప్పాడు. మగ్రిబ్ వేళయింది, మేము సెలవు తీసుకున్నాము.